సయ్యద్ ముష్తాక్ అలీ: అమానత్ నిలిపిన ఆటగాడు

ఏటా మన దేశంలో రాష్ట్ర జట్ల మధ్య ఇరవై ఓవర్ల క్రికెట్ పోటీ ఒకటి జరుగుతుంది. దాని పేరు సయ్యద్ ముష్తాక్ అలీ ట్రోఫీ. ఆంధ్ర జట్టు, హైదరాబాద్ జట్టు కూడా అందులో ఆడతాయి. మా పూతలపట్టు చుట్టుపక్కల ఎండిన చెరువుల్లోనూ, కోతలయిన మడుల్లోనూ అసర్ నమాజు తర్వాత బ్యాటు పట్టే పిల్లలకు ఆ ట్రోఫీ పేరు బాగా తెలుసు. ఆ పేరు గల మనిషి ఎవరని అడిగితే మాత్రం చాలామంది తెల్లమొహం వేస్తారు. ట్రోఫీ పేరు బతికింది, మనిషి కథ మరుగున పడింది. ఈ వారం ఆయన జీవితాన్ని మా పాఠక కుటుంబాల ముందు ఉంచుతున్నాము.

ఎవరు ఎన్ని సెంచరీలు కొట్టారన్నదే ఈనాడు ఆటగాడికి కొలబద్ద అయింది. వంద సెంచరీల లెక్క కూడా చూశాము. ముష్తాక్ అలీ టెస్టు మ్యాచ్‌లలో చేసిన సెంచరీలు రెండే. అయినా ఆ రెండింటిలో మొదటిది మన పిల్లలకు తప్పక చెప్పవలసిన సెంచరీ అని మేము అనుకుంటున్నాము. అందులో ఆయన చేసిన పరుగులు 112. అంతకన్నా పెద్ద సంగతి, ఆయన చేయకుండా వదిలేసిన ఒక పని. ఆ పని ఏమిటో చెప్పేముందు ఆయన పుట్టు పూర్వోత్తరాలు కొంత తెలుసుకోవాలి.

ఇండోర్ కుర్రవాడు, తెలుగు గురువు

ముష్తాక్ అలీ 1914 డిసెంబరు 17న ఇండోర్‌లో జన్మించారు. అప్పట్లో అది హోల్కర్ మహారాజుల సంస్థానం. తండ్రి పోలీసు శాఖలో ఉద్యోగి. ఆ ఊరికి 1923లో ఒక పెద్ద ఆటగాడు వచ్చి స్థిరపడ్డాడు. ఆయనే కల్నల్ సి.కె. నాయుడు. నాగపూర్‌లో పుట్టినా ఆయన కుటుంబం మచిలీపట్నానికి చెందిన కొఠారి వారి కుటుంబం. హోల్కర్ మహారాజు ఆహ్వానం మీద ఇండోర్ వచ్చి సంస్థాన సైన్యంలో చేరారు. 1932లో లండన్‌లోని లార్డ్స్ మైదానంలో భారతదేశం తొలి టెస్టు మ్యాచ్ ఆడినప్పుడు జట్టు నాయకుడు ఆయనే.

ఇండోర్ మైదానంలో ఆడుకుంటున్న పదమూడేళ్ళ ముష్తాక్ మీద నాయుడుగారి కన్ను పడింది. కుర్రవాడిలో చురుకు ఉంది, భయం లేదు. నాయుడుగారు అతన్ని చేరదీసి ఆట నేర్పారు. ఒక తెలుగు హిందువు ఒక ముస్లిం ఇంటి కుర్రవాడిని కన్నకొడుకులా తీర్చిదిద్దాడు. ఈ గురుశిష్య బంధం ఇద్దరూ బతికున్నంత కాలం చెక్కుచెదరలేదు. బొంబాయిలో హిందువుల జట్టు, ముస్లింల జట్టు, పార్సీల జట్టు, యూరోపియన్ల జట్టు అని మతాల వారీగా క్రికెట్ ఆడిన కాలమది. ఆ పోటీల్లో గురువు ఒక జట్టుకు, శిష్యుడు ఒక జట్టుకు ఆడవలసిన రోజులు. మైదానంలో గీసిన ఆ గీత వారి మనసుల్లోకి రాలేదు.

1934 జనవరిలో కలకత్తాలో డగ్లస్ జార్డైన్ నాయకత్వంలోని ఇంగ్లండు జట్టుపై ముష్తాక్ అలీ తన తొలి టెస్టు ఆడారు. అప్పటికి వయసు పందొమ్మిది. జట్టులోకి తీసుకున్నది ఎడమచేతి స్పిన్ బౌలర్‌గా. బ్యాటు మాత్రం కుడిచేత్తో పట్టేవారు. రెండేళ్ళు తిరిగేసరికి బౌలర్ కాస్తా ఓపెనింగ్ బ్యాట్స్‌మన్ అయ్యాడు. వేగంగా వచ్చే బంతికి వెనక్కి తగ్గకుండా రెండడుగులు ముందుకు నడిచి కొట్టడం ఆయన పద్ధతి. ఆఫ్ స్టంప్ బయట పడిన బంతిని లెగ్ వైపుకు తిప్పేసేవారు. పుస్తకంలో లేని ఆట అది. ప్రేక్షకులకు పండుగ, బౌలర్లకు తలనొప్పి. ఆస్ట్రేలియా ఆటగాడు కీత్ మిల్లర్ ఆయనను హాలీవుడ్ సినిమా కథానాయకుడితో పోల్చాడు.

చీలిన జట్టు

1936లో భారత జట్టు ఇంగ్లండు పర్యటనకు వెళ్ళింది. నాయకుడు విజ్జీ అని అందరూ పిలిచే విజయనగరం మహారాజకుమార్ సర్ విజయానంద గజపతిరాజు. ఆయనా మన తెలుగు నేల రాజవంశీకుడే. కాశీలో ఎక్కువగా ఉండేవారు. క్రికెట్‌కు ఆయన మేలు చేయలేదని అనలేము. 1930లో జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ వంటి మహామహులను మన దేశానికి రప్పించి ఆడించారు. ధనం ఉదారంగా ఖర్చు పెట్టారు. అయితే ఆట అంతంత మాత్రం. ఆ పర్యటనలో ఆడిన మూడు టెస్టుల్లో కలిపి ఆయన చేసినవి 33 పరుగులు. నాయకత్వం వచ్చింది పలుకుబడితో.

జట్టులో సి.కె. నాయుడు ఉన్నారు, విజయ్ మర్చంట్ ఉన్నారు, లాలా అమర్‌నాథ్ ఉన్నారు. తనకన్నా పెద్ద ఆటగాళ్ళు తన కింద ఉండడం విజ్జీకి ఇబ్బంది అయింది. జట్టు రెండు ముఠాలుగా చీలింది. బాగా ఆడుతున్న అమర్‌నాథ్‌ను మొదటి టెస్టుకు ముందే క్రమశిక్షణ పేరు చెప్పి ఓడ ఎక్కించి ఇంటికి పంపారు. నాయకుడి దయ ఉన్నవాడికి కానుకలు, లేనివాడికి కష్టాలు. ముష్తాక్ అలీ పరిస్థితి ఆలోచించండి. వయసు ఇరవై ఒకటి. చేయి పట్టి నడిపించిన గురువు ఒక వైపు, జట్టులో ఉంచాలన్నా తీసేయాలన్నా అధికారం గల నాయకుడు మరొక వైపు.

లార్డ్స్‌లో జరిగిన మొదటి టెస్టు ఓడిపోయాము. రెండవ టెస్టు జులై 25న మాంచెస్టర్‌లో మొదలయింది. మొదటి ఇన్నింగ్స్‌లో మర్చంట్, ముష్తాక్ ఆట ప్రారంభించారు. మర్చంట్ బలంగా కొట్టిన బంతి ఎదుటి కొసన ఉన్న ముష్తాక్ బ్యాటుకు తగిలి పక్కకు మళ్ళి ఫీల్డర్ చేతికి పోయింది. ముష్తాక్ 13 పరుగులకే రనౌట్ అయ్యారు. ఎవరి తప్పూ లేదు, దురదృష్టం. భారత్ 203 పరుగులకే ముగిసింది. ఇంగ్లండు 8 వికెట్లకు 571 పరుగులు చేసి ఇన్నింగ్స్ డిక్లేర్ చేసింది. మనం 368 పరుగులు వెనుకబడ్డాము. ఓటమి తప్పదని అందరూ అనుకున్నారు.

బంగారు గడియారం ఎర

ఇక్కడే ఆ ఉదంతం వస్తుంది. రెండవ ఇన్నింగ్స్‌కు బయలుదేరే ముందు విజ్జీ ముష్తాక్‌ను పిలిచి, మర్చంట్‌ను రనౌట్ చేయించమని చెప్పాడట. మర్చంట్ అంటే ఆయనకు పడేది కాదు. అందుకు బహుమానంగా బంగారు గడియారం ఇస్తానన్నాడని ఆ పర్యటన గురించి రాసినవారు చెబుతారు.

క్రికెట్ అంతగా తెలియని మా పాఠకుల కోసం ఒక మాట. పరుగు తీయాలంటే రెండు కొసల్లో ఉన్న ఇద్దరూ ఒకేసారి పరుగెత్తాలి. ఒకరు రమ్మని పిలుస్తారు, రెండవవాడు ఆ పిలుపును నమ్మి పరుగెత్తుతాడు. పిలిచినవాడు సగంలో ఆగి వెనక్కి తిరిగితే నమ్మి వచ్చినవాడు నడిమధ్యలో చిక్కిపోతాడు. బంతి వికెట్లకు తగులుతుంది, అతని ఆట ముగుస్తుంది. అది పొరపాటా, కావాలని చేసిందా అన్నది చూసేవారెవరికీ తెలియదు. ఆ ద్రోహానికి సాక్షి ఉండడు, రుజువు ఉండడు, శిక్ష ఉండదు. చేసినవాడి అంతరాత్మకు, సృష్టికర్తకు తప్ప ఎవరికీ తెలియని పాపమది.

పైగా ముష్తాక్‌కు సాకు కూడా చేతిలో ఉంది. మొదటి ఇన్నింగ్స్‌లో తాను రనౌట్ అయింది మర్చంట్ కొట్టిన దెబ్బకే కదా. నాయకుడి మాట విన్నాను, నాయకుడికి విధేయత చూపాను అని సమర్థించుకోవచ్చు. గడియారం వస్తుంది, తర్వాతి మ్యాచ్‌లో స్థానం పదిలమవుతుంది. వినకపోతే అమర్‌నాథ్‌కు పట్టిన గతే పట్టవచ్చు.

ముష్తాక్ ఏం చేశారు? మైదానంలోకి నడుస్తూ ఆ సంగతి మొత్తం మర్చంట్‌కే చెప్పేశారు. ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వుకుని ఆట మొదలుపెట్టారు. నాయకుడితో జగడమాడలేదు, వీధిన పడలేదు. చెడు పని చేయమన్నప్పుడు చేయకపోవడమే కాదు, ఎవరికి హాని తలపెట్టారో ఆ మనిషి చెవిన వేసి అతని మనసులో అనుమానానికి చోటు లేకుండా చేశారు. ఇక మర్చంట్ నిశ్చింతగా పరుగుకు కదలవచ్చు.

ఫలితం అల్లాహ్ చేతిలో ఉంది. జులై 27 సాయంత్రం ఆట ముగిసేసరికి భారత్ ఒక్క వికెట్టు కూడా కోల్పోకుండా 190 పరుగులు చేసింది. ముష్తాక్ 106, మర్చంట్ 79. విదేశీ గడ్డ మీద ఒక భారతీయుడు చేసిన తొలి టెస్టు సెంచరీ అది. ఆ రోజు రెండు జట్లూ కలిపి 588 పరుగులు చేశాయి. ఒక రోజులో అన్ని పరుగులు టెస్టు క్రికెట్‌లో అంతకు ముందూ లేవు, ఇంతవరకూ మళ్ళీ రాలేదు.

ముష్తాక్ తొంభైలలోకి వచ్చి తొందరపడుతున్నప్పుడు, దగ్గరలో ఫీల్డింగ్ చేస్తున్న ఇంగ్లండు మేటి ఆటగాడు వాలీ హామండ్ నిదానించమని, ముందు వంద పూర్తి చేసుకోమని సలహా చెప్పాడట. చూడండి. ఎదుటి పక్షంవాడు మేలు కోరాడు, సొంత నాయకుడు కీడు కోరాడు. మనిషి మంచితనం జెండాను బట్టి, జట్టును బట్టి ఉండదు.

మరునాడు ఉదయం ముష్తాక్ 112 పరుగుల వద్ద రాబిన్స్‌కు దొరికిపోయారు. అప్పటికి ఇద్దరూ కలిసి చేసినవి 203. మొదటి ఇన్నింగ్స్‌లో జట్టు మొత్తం చేసినన్ని పరుగులు రెండవసారి ఇద్దరే చేశారు. మర్చంట్ కూడా 114 చేశారు. భారత్ 5 వికెట్లకు 390 చేసి ఓటమి తప్పించుకుంది. ఆ పర్యటనలో మనం ఓడిపోని టెస్టు అదొక్కటే. ఒకవేళ ముష్తాక్ ఆ గడియారానికి ఆశపడి ఉంటే మర్చంట్ సెంచరీ లేదు, ఆ జోడీ లేదు, బహుశా ఆయన సెంచరీ కూడా లేదు. జట్టు తిరిగి వచ్చాక బ్యూమాంట్ కమిటీ విచారణ జరిపి విజ్జీ నాయకత్వాన్ని గట్టిగా తప్పుపట్టింది.

అమానత్ అంటే

అమానత్ అనే మాట మన ఇళ్ళలో పెద్దలు తరచు వాడేదే. ఒకరు నమ్మి అప్పగించిన సొమ్ము, చెవిన వేసిన రహస్యం, తలకెత్తిన బాధ్యత అన్నీ అమానత్ కిందికే వస్తాయి. ప్రవక్త పదవి రాక ముందు నుంచే మక్కావాసులు ముహమ్మద్ (స) వారిని అల్ అమీన్ అని పిలిచేవారు. హిజ్రత్ రాత్రి, తనను చంపడానికి కాచుకున్నవారి సొమ్ములే ఆయన దగ్గర దాచి ఉంటే, వాటిని ఎవరివి వారికి తిరిగి ఇచ్చే పని హజ్రత్ అలీ (రజి) గారికి అప్పగించి మరీ మక్కా విడిచారు. శత్రువు సొమ్ముకే అంత జాగ్రత్త అయితే, మనల్ని నమ్మి పరుగెత్తే జతగాడి విషయం చెప్పాలా?

ఇది ఆటే కదా, దీనికి ధర్మసూత్రాలెందుకు అనేవారు ఉంటారు. కొలిమి దగ్గర, అంగడిలో, పొలం గట్టున, ఆఫీసు కుర్చీలో పనికివచ్చే నిజాయితీని మనిషి ఎక్కడో ఒకచోట నేర్చుకోవాలి. పిల్లలు నేర్చుకునేది ఎక్కువగా ఆటలోనే. గోలీలాటలో దొంగలెక్క వేసినవాడికి పెద్దయ్యాక తూకంలో చెయ్యి వణకదు. 2000 సంవత్సరంలో మ్యాచ్ ఫిక్సింగ్ వ్యవహారం బయటపడి దేశదేశాల క్రికెట్‌ను కుదిపేసింది. ఆ వార్తలు చదివినప్పుడు మాకు గుర్తుకు వచ్చింది 1936 నాటి ఈ బంగారు గడియారమే. ఎర పాతదే, పేర్లే మారాయి.

ముష్తాక్ లేనిదే ఆట లేదన్న కలకత్తా

1939లో రెండవ ప్రపంచ యుద్ధం మొదలయింది. భారత్‌కు టెస్టులు ఆగిపోయాయి. ఇరవై ఒకటి నుంచి ముప్పై ఒకటి దాకా, ఆటగాడికి బంగారం లాంటి పదేళ్ళు, ముష్తాక్‌కు ఒక్క టెస్టు కూడా లేదు. ఆ లోటు గురించి వగచకుండా గురువుగారి నాయకత్వంలో హోల్కర్ జట్టుకు ఆడుతూ వచ్చారు. 1944-45 రంజీ ట్రోఫీ ఫైనల్లో బొంబాయిపై రెండు ఇన్నింగ్స్‌లలోనూ సెంచరీలు చేశారు. జట్టు ఓడిపోయింది. ఆ తర్వాత హోల్కర్ జట్టు 1945-46, 1947-48, 1950-51, 1952-53 సంవత్సరాల్లో నాలుగు సార్లు రంజీ ట్రోఫీ గెలిచింది.

1945 చివరలో ఆస్ట్రేలియా సైనికుల జట్టు మన దేశానికి వచ్చింది. కలకత్తా మ్యాచ్‌కు ముష్తాక్‌ను తీసుకోలేదు. నగర ప్రజలు ఊరుకోలేదు. ముష్తాక్ లేనిదే ఆట లేదని నినాదాలు చేస్తూ సెలెక్టర్ల పెద్ద దులీప్‌సింహ్‌జీని చుట్టుముట్టారు. చివరకు ఆయనను జట్టులోకి తీసుకోక తప్పలేదు. అలా వీధికెక్కినవారిలో హిందువులున్నారు, ముస్లింలున్నారు. ఏడాది తిరగకముందే, 1946 ఆగస్టులో, అదే కలకత్తా వీధులు మత కల్లోలంలో రక్తసిక్తమయ్యాయి. జనం మనసులో ప్రేమా ఉంటుంది, విషమూ ఉంటుంది. ఏది రగిలిస్తే అది మండుతుంది.

1947లో దేశం రెండయింది. భారత్‌కు ఆడిన అబ్దుల్ హఫీజ్ కర్దార్, అమీర్ ఇలాహీ, గుల్ మహమ్మద్ ఆ తర్వాత పాకిస్తాన్‌కు ఆడారు. ఎవరి కారణాలు వారివి, వారిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ముష్తాక్ మాత్రం ఇండోర్‌ను వదలలేదు. పుట్టిన ఊరు, గురువు, మైదానం అన్నీ ఇక్కడే. దాన్ని గురించి ఆయన చాటింపు వేసుకోలేదు. ఉన్నచోట ఉండి తన పని తాను చేసుకున్నారు. ఆ ఏడాది ఆస్ట్రేలియా పర్యటనకు ఎంపికైనా అన్నగారి మరణం వల్ల వెళ్ళలేకపోయారు.

1949 కొత్త సంవత్సరపు రోజుల్లో వెస్టిండీస్‌పై టెస్టు అదే కలకత్తాలో జరిగింది. ముష్తాక్ మొదటి ఇన్నింగ్స్‌లో 54, రెండవ ఇన్నింగ్స్‌లో 106 పరుగులు చేశారు. ఆయన రెండవ టెస్టు సెంచరీ అది. మొదటి సెంచరీకీ దీనికీ నడుమ పన్నెండేళ్ళు దాటాయి. ఆ నడుమ ఒక యుద్ధం, ఒక కరువు, ఒక విభజన జరిగిపోయాయి. కల్లోలం చూసిన ఆ నగరం ఒక ముస్లిం ఆటగాడి సెంచరీకి మళ్ళీ చప్పట్లు కొట్టింది. మన పిల్లలు వినవలసిన సంగతి ఇది కూడా. పేరును చూసి అనుమానించేవారు ఏ కాలంలోనూ ఉంటారు. వారికి జవాబు వాదంతో రాదు, పనితోనూ నడవడితోనూ వస్తుంది.

మద్రాసులో చివరి మ్యాచ్

ఆయన చివరి టెస్టు మనకు దగ్గరి పట్నమైన మద్రాసులో 1952 ఫిబ్రవరిలో జరిగింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది 1953 అక్టోబరులో కనుక అప్పటికి మన చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. చేపాక్ మైదానంలో ఇంగ్లండుపై ఇన్నింగ్స్ తేడాతో గెలిచాము. టెస్టు క్రికెట్‌లో భారత్‌కు అదే మొట్టమొదటి విజయం. ముష్తాక్ చేసినవి 22 పరుగులే. వినూ మన్కడ్ వికెట్లు, పంకజ్ రాయ్, పాలీ ఉమ్రిగర్ సెంచరీలు ఆ గెలుపును తెచ్చాయి. తొలి విజయం చూసి పక్కకు తప్పుకునే భాగ్యం అందరికీ దక్కదు.

పద్దెనిమిదేళ్ళలో ఆయన ఆడిన టెస్టులు 11, పరుగులు 612, సెంచరీలు 2. అన్ని ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లలో కలిపి 13 వేలకు పైగా పరుగులు, 30 సెంచరీలు. ప్రభుత్వం పద్మశ్రీతో గౌరవించింది. కొడుకు గుల్‌రేజ్ అలీ, మనుమడు అబ్బాస్ అలీ కూడా ఫస్ట్ క్లాస్ క్రికెట్ ఆడారు. గురువు సి.కె. నాయుడు 1967లో ఇండోర్‌లోనే కన్నుమూశారు. శిష్యుడు అదే ఊళ్ళో 2005 జూన్ 18న తొంభై ఏళ్ళ వయసులో తుదిశ్వాస విడిచారు.

ఈయన జీవితంలో ఇద్దరు తెలుగు వంశాల పెద్దలు తారసపడ్డారు. ఒకరు చేయి పట్టి పైకి తెచ్చారు, ఒకరు కిందికి లాగే ఎర చూపారు. మన పిల్లల జీవితంలోనూ ఈ ఇద్దరూ ఎదురవుతారు. మొదటివారిని గుర్తించి కృతజ్ఞత చూపడం, రెండవవారికి నవ్వుతూ దూరం జరగడం నేర్పవలసిన బాధ్యత తల్లిదండ్రులది, మావంటి ఉపాధ్యాయులది. ఈ సాయంత్రం మీ అబ్బాయి బ్యాటు పట్టుకుని బయలుదేరితే వద్దని కసరకండి. నమాజు వేళకు తిరిగి రమ్మని చెప్పండి. జతగాడిని పిలిస్తే మాట తప్పకుండా పరుగెత్తమని కూడా చెప్పండి.

అల్లాహ్ మరహూం సయ్యద్ ముష్తాక్ అలీ గారిని మన్నించుగాక. మన పిల్లలకు అమానత్ నిలుపుకునే శక్తినిచ్చుగాక. ఆమీన్.